తొలి హాఫ్ మారథాన్: ప్రాక్టీస్ ఎక్కడ, బస ఎక్కడ

హైదరాబాద్ మారథాన్‌లో మొదటిసారి హాఫ్ పరుగెత్తాలనుకునేవాళ్లకు ముందే ఒక మాట. 21.1 కిలోమీటర్ల దూరం కంటే ఈ ఊరి ఎత్తుపల్లాలే ఎక్కువ సత్తువ లాగేస్తాయి. పైగా ఆగస్టు నెల. ఎండ లేకపోయినా గాలిలో తేమకు చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. అందుకే ప్రాక్టీస్‌కి చోటు చూసి ఎంచుకోవాలి.

నేను హనుమకొండ నుంచి శనివారం మా అక్కవాళ్లింటికి వచ్చి, ఆదివారం పొద్దున్నే లాంగ్ రన్ చేసేదాన్ని. కొత్తవాళ్లకు నెక్లెస్ రోడ్డు హాయిగా ఉంటుంది. హుస్సేన్‌సాగర్ పక్కన చదునైన దారి, తోడుగా బోలెడు మంది. కానీ అదొక్కటే నమ్ముకుంటే ఫ్లైఓవర్ల దగ్గర ఊపిరి అందదు. గచ్చిబౌలి స్టేడియం సింథటిక్ ట్రాక్ మోకాళ్లకు మంచిది, స్పీడ్ పెంచుకోవడానికి పనికొస్తుంది. లాంగ్ రన్‌కైతే తిరిగిన చోటే తిరిగి విసుగొస్తుంది. నా ఓటు కేబీఆర్ పార్కు బయటి బాటకే. ఎక్కుడూ దిగుడూ రెండూ ఉన్నాయి, చెట్ల నీడ ఉంది. బండి పెట్టుకోవడానికి మాత్రం పెందలాడే వెళ్లాలి.

మా పందెం నెక్లెస్ రోడ్డు మీది పీపుల్స్ ప్లాజాలో మొదలై గచ్చిబౌలిలో ముగిసింది. చాలామంది గచ్చిబౌలి వైపు గదులు తీసుకుంటారు. నేనైతే ఖైరతాబాద్, లక్డీకాపూల్ వైపే దిగమంటాను. తెల్లవారుజామున మామూలుగా మెట్రో ఉండదు, రోడ్లు మూసేస్తారు. స్టార్ట్‌కి నడిచి వెళ్లగలిగితే సగం టెన్షన్ తగ్గుతుంది. నేను దిగిన లాడ్జి శుభ్రంగానే ఉంది కానీ, పక్కనే ఫంక్షన్ హాలు. శ్రావణమాసం పెళ్లిళ్లు కదా, అర్ధరాత్రి దాకా డీజే మోగుతూనే ఉంది. గది బుక్ చేసేముందు ఈ సంగతి తప్పకుండా అడగండి. పొద్దున మూడున్నరకు టీ ఇచ్చేవాళ్లు ఉండరు. అరటిపళ్లు, బ్రెడ్డు రాత్రే తెచ్చిపెట్టుకోవాలి.

పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కుతుంటే పిక్కలు బిగుసుకున్నాయి. జెండా పట్టుకుని ఒకే వేగంతో పరుగెత్తుతూ మిగతావాళ్లను నడిపించే పేసర్ కుర్రాడు పక్కకొచ్చి, "అక్కా, జోరు చెయ్యకు. చిన్న చిన్న అడుగులెయ్యి. పైకెక్కినంక ఉరుకుదాం" అన్నాడు. చూపు నేలమీదే పెట్టి అలాగే ఎక్కాను. ఆ తర్వాత ప్రతి ఎత్తూ అదే పద్ధతిలో దాటాను. దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి మీద బండ్లు లేవు. తీగల కింద వందల బూట్ల చప్పుడొక్కటే వినిపిస్తోంది. ఆ కొద్ది నిమిషాల కోసమైనా మళ్లీ వస్తాను.

దారిలో ఏర్పాట్లకు పూర్తి మార్కులు. నీళ్లు, ఎలక్ట్రోలైట్లు, ఉప్పు చల్లిన నారింజ తొనలు, పిక్కల మీద స్ప్రే కొట్టే ఫిజియోలు ఎక్కడా తక్కువ కాలేదు. టాయిలెట్ల దగ్గర క్యూ మాత్రం చాంతాడంత. ఇక ఫినిష్ దగ్గర క్యాబ్ కోసం నిలబడకండి, ఒకదాని తర్వాత ఒకటి క్యాన్సిల్ అవుతూనే ఉంటాయి. కాస్త దూరం నడిచి ఆటో ఎక్కి రాయదుర్గం మెట్రో స్టేషన్‌కు వెళ్తే, అక్కడి నుంచి ఏసీలో కూర్చుని ఇంటికి చేరొచ్చు.