సబ్‌మెరైన్ కేబుల్ మ్యాప్: లైన్ కొనేముందు చూడండి, దాన్నే నమ్ముకోకండి

చెన్నైలో రెండు కంపెనీల ఇంటర్నెట్ లైన్లు పెట్టుకుని, ఒకటి పోయినా ఇంకోటి ఉందిలే అని ధీమాగా ఉండే ఆఫీసులు బోలెడు. ఆ రెండూ సముద్రంలో ఒకే కేబుల్ ఎక్కుతుంటే ఆ ధీమా ఉత్తదే. ఇది తేల్చుకోవడానికి ముందు తెరవాల్సింది టెలికాం పరిశోధన సంస్థ టెలిజియోగ్రఫీ వాళ్ల సబ్‌మెరైన్ కేబుల్ మ్యాప్, అంటే సముద్రం అడుగున పోయే ఇంటర్నెట్ కేబుళ్ల పటం. ఉచితం, లాగిన్ కూడా అడగదు.

చెన్నై చుక్క నొక్కితే ఇక్కడ ఒడ్డుకెక్కే కేబుళ్లు వస్తాయి: ఐ2ఐ, టీఐసీ, సీ-మీ-వీ 4, బే ఆఫ్ బెంగాల్ గేట్‌వే, అండమాన్ కేబుల్ వగైరా. పేరు నొక్కితే పొడవు, యజమానులు, మొదలైన ఏడాది. ఈ పట్టిక వరకు వంక పెట్టలేం.

చిక్కంతా గీతలతోనే. అవి చూపుకి తేలిగ్గా ఉండేలా గీసినవి, కేబుల్ అసలు దారి కాదు. భద్రత కోసం దాచారనుకుంటారు కొందరు. కానీ అసలు దారులు ఓడల చార్టుల్లో ఉండనే ఉంటాయి; లేకపోతే లంగరు ఎక్కడ వేయకూడదో ఓడవాడికెలా తెలుస్తుంది? కేబుళ్లు దెబ్బతినేది ఎక్కువగా లంగర్లకీ చేపల వలలకీ.

తెగిన కేబుల్ కూడా మ్యాప్‌లో నిక్షేపంగా కనిపిస్తుంది. ఇంకోటి, 2025 సెప్టెంబరులో సీ-మీ-వీ 4 దెబ్బతిన్నది సౌదీలోని జెడ్డా దగ్గర. అలాంటప్పుడు చెన్నై–సింగపూర్ ముక్క నడుస్తూనే ఉండొచ్చు. ఒకే గీతలోని ఈ ముక్కల తేడా మ్యాప్ చెప్పదు. ఒడ్డు నుంచి ఆఫీసు దాకా వచ్చే ఫైబరైతే అసలు లేనే లేదు. చెన్నైలో ఐటీ ఆఫీసులుండే ఓఎంఆర్ రోడ్డులో మెట్రో తవ్వకాలు చూసినవాళ్లకి సొరచేప కంటే జేసీబీయే భయం.

అందుకే దీనికి ఎంటీఆర్ జోడించాలి; డేటా ఏయే రౌటర్ల మీదుగా పోతోందో, పోయి రావడానికి ఎంతసేపు పడుతోందో చూపే ఉచిత ప్రోగ్రామ్ ఇది. సింగపూర్‌లోని ఒకే సర్వర్‌కి ఒక్కో లైన్ మీద విడిగా, వంద ప్యాకెట్లు (చిన్న డేటా ముక్కలు) పంపి చూడండి. ఫైబర్‌లో కాంతి వేగం సెకనుకి దాదాపు 2 లక్షల కి.మీ. ఐ2ఐ పొడవు 3,200 కి.మీ.; పోయి రావడానికే 32 మిల్లీసెకన్లు. 35–40 వస్తే నేరుగా వెళ్తున్నట్టే. 60 దాటితే ముంబై మీదుగా తిరుగుతోందేమోనని అనుమానించాలి. 200 దాటితే యూరప్ చుట్టి వస్తున్నట్టుంది. రెండు లైన్లలోనూ మూడో నాలుగో హాప్ (దారిలో ఒక్కో రౌటర్ మజిలీ) నుంచి అవే రౌటర్లు కనిపిస్తే అక్కణ్నుంచి రెండు కంపెనీలకీ దారి ఒకటే. అయితే ఎంటీఆర్ చూపే హాప్‌లు పోయే దారివే, వచ్చే దారి వేరు కావచ్చు. కంపెనీ తన నెట్‌వర్క్ లోపల ఎంపీఎల్ఎస్ (లేబుళ్లు తగిలించి డేటా పంపే పద్ధతి) వాడుతుంటే కొన్ని హాప్‌లు కనపడవు కూడా.

ఆ తర్వాత కేబుల్ పేరు, అది ఒడ్డుకెక్కే ల్యాండింగ్ స్టేషన్, బిల్డింగ్‌లోకి ఫైబర్ వచ్చే దారి, ఈ మూడూ కంపెనీని రాతపూర్వకంగా అడగండి. ‘మాది రింగ్ సార్’ (ఒకవైపు తెగినా రెండోవైపు నుంచి నడిచే ఫైబర్ వలయం) అని ఒక్కమాటతో సరిపెడితే, ఆ రింగ్ రెండు కొసలూ ఒకే పైపులోంచి లోపలికి వస్తున్నాయేమో కిందికెళ్లి చూసుకోండి.