పెట్టుడు గడ్డం, గెస్టపో ఆఫీసు: ‘టు బి ఆర్ నాట్ టు బి’ బ్లూరే సమీక్ష

హాలీవుడ్ దర్శకుడు ఎర్న్‌స్ట్ లుబిచ్ తీసిన, 1942లో విడుదలైన ‘టు బి ఆర్ నాట్ టు బి’ని క్రైటీరియన్ సంస్థ 2013లో బ్లూరేగా తెచ్చింది. కొనొచ్చా అంటే, నిక్షేపంగా కొనొచ్చు. ముందు ప్లేయర్ సంగతి మాత్రం చూసుకోండి. ఇది రీజియన్ ఏ (అమెరికా తదితర ప్రాంతాలకు కేటాయించిన) డిస్క్, వేరే రీజియన్‌కి లాక్ చేసిన ప్లేయర్‌లో ఆడదు. అన్ని రీజియన్లూ ఆడించే ప్లేయర్ లేకపోతే డబ్బు దండగ.

నలుపు తెలుపుల్లో 99 నిమిషాల సినిమా. 1939 ఆగస్టులో వార్సాలో మొదలవుతుంది. జోసెఫ్ తురా, మరియా తురా అనే భార్యాభర్తలు హీరో హీరోయిన్లుగా ఉన్న నాటక సమాజం ‘గెస్టపో’ (నాజీ రహస్య పోలీసు) అనే నాటకానికి రిహార్సల్స్ వేస్తుంటుంది. హిట్లర్‌కి కోపం వస్తుందని పోలండ్ ప్రభుత్వమే దాన్ని ఆపించేస్తుంది. సరేనని ‘హామ్లెట్’ ఆడుకుంటారు. కొన్నాళ్లకే హిట్లర్ సైన్యం ఎలాగూ వచ్చి పడుతుంది. శత్రువు గుమ్మం తొక్కకముందే కళాకారుడి నోరు నొక్కింది సొంత సర్కారే. ఈ ముక్క సినిమాలో చప్పుడు లేకుండా వెళ్లిపోతుంది, కానీ వ్యంగ్యానికి పునాది అదే. హాలీవుడ్‌లోనూ అప్పట్లో గాలి అలాగే ఉండేది. సినిమాలు అమెరికాను యుద్ధంలోకి లాగుతున్నాయంటూ సెనేట్ ఉపసంఘం ఒకటి 1941 సెప్టెంబరులో విచారణకు కూర్చుంది. నవంబరులో లుబిచ్ షూటింగు మొదలుపెట్టాడు. అది ముగియకముందే పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగింది.

అధికారం అంటే దుస్తులు, డైలాగు, సెల్యూట్ అన్న సంగతి ఈ సినిమా మొదటి పది నిమిషాల్లోనే తేల్చేస్తుంది. గెస్టపో ఆఫీసులో ఒక సీను నడుస్తుంటుంది. నిజమనుకుని చూస్తుండగా డైరెక్టరు అడ్డుపడతాడు. అది రిహార్సల్. హిట్లర్ వేషం కట్టిన బ్రాన్‌స్కీని చూసి, వీడు చిన్న మీసమున్న మామూలు మనిషిలా ఉన్నాడంటాడు ఆ డైరెక్టరు. హిట్లర్ కూడా అంతే కదా అంటాడు మేకప్ మనిషి. తన వేషం ఎంత బాగుందో నిరూపించడానికి బ్రాన్‌స్కీ నేరుగా వీధిలోకి దిగుతాడు. జనం బిగుసుకుపోయి చూస్తుంటారు. ఒక చిన్నపిల్ల మాత్రం దగ్గరికొచ్చి, బ్రాన్‌స్కీ గారూ, ఆటోగ్రాఫ్ ఇస్తారా అని అడుగుతుంది.

అక్కడి నుంచి ప్రతి వస్తువూ, ప్రతి మాటా రెండోసారి పనికొస్తుంది. రిహార్సల్లో వాడిన యూనిఫారాలే తర్వాత నటుల ప్రాణాలు కాపాడతాయి. వీటిలో గడ్డం సీను తలమానికం. ఇది ముందే తెలిసినా మజా తగ్గదు కాబట్టి చెబుతున్నాను. నాజీ గూఢచారి ప్రొఫెసర్ సిలెట్‌స్కీ చనిపోయాడు. అతని వేషంలో తురా గెస్టపో కార్యాలయానికి వెళ్తాడు. ఈలోగా అసలు సిలెట్‌స్కీ శవం దొరికింది. గెస్టపో అధికారి కర్నల్ ఎర్‌హార్ట్ తురాని శవం ఉన్న గదిలో ఒంటరిగా వదిలి, వణికిపోయి బయటపడతాడని ఎదురుచూస్తాడు. తురా జేబులో అదనంగా ఒక పెట్టుడు గడ్డం ఉంది, పక్కన మంగలి కత్తి ఉంది. శవానికి గడ్డం గీసి, పెట్టుడు గడ్డం అంటిస్తాడు. ఆ తర్వాత కర్నల్ చేతనే శవం గడ్డం లాగిస్తాడు. అది ఊడి చేతిలోకి వస్తుంది, కర్నల్ క్షమాపణ చెప్పుకుంటాడు. గెలిచాడనుకునే లోపు తోటి నటులు నాజీ వేషాల్లో కాపాడటానికి దూసుకొచ్చి, తురా గడ్డాన్ని అందరి ముందూ పీకేస్తారు! పైకి మంచి కామెడీ సీను. లోపల లెక్క పక్కా: నిజం గడ్డం అబద్ధమైంది, అబద్ధపు గడ్డం నిజమైంది, గెస్టపో మాత్రం చేతిలో ఉన్న వెంట్రుకలనే నమ్మింది.

లుబిచ్ తన నటులను దేవుళ్లను చేయలేదు, అందుకే ఈ వ్యంగ్యం నిలబడింది. తురాకి దేశం ముఖ్యమే, కానీ ‘టు బి ఆర్ నాట్ టు బి’ అంటూ హామ్లెట్ స్వగతం మొదలుపెట్టగానే రెండో వరసలోంచి ఒక యువకుడు మరియాని కలవడానికి లేచి వెళ్లిపోవడం అంతకంటే పెద్ద బాధ. సిలెట్‌స్కీ ముందు ఎర్‌హార్ట్‌గా నటిస్తూ కూడా, భార్య ప్రస్తావన రాగానే నటుడు పోయి భర్త బయటికొస్తాడు. గుట్టు రట్టయ్యేది అక్కడే.

విడుదలైనప్పుడు ఒక డైలాగు పెద్ద దుమారం రేపింది. తురా షేక్‌స్పియర్‌ని ఏం చేశాడో ఇప్పుడు మేం పోలండ్‌ని అదే చేస్తున్నాం అంటాడు ఎర్‌హార్ట్. తీసేయమని దగ్గరివాళ్లు చెప్పినా లుబిచ్ వినలేదు. న్యూయార్క్ టైమ్స్ విమర్శకుడు బాస్లీ క్రౌథర్ సినిమాని ఉతికి ఆరేశాడు. లుబిచ్ బెర్లిన్‌లో పుట్టిన యూదుడు, నాజీలు అతని జర్మన్ పౌరసత్వాన్ని 1935లో రద్దు చేశారు. ఆ మాట సినిమాలో పెట్టే అధికారం అతనికి కాక ఎవరికుంది? పైగా విడుదలకు ముందే, 1942 జనవరి 16న, యుద్ధ బాండ్ల ప్రచారం నుంచి తిరిగి వస్తూ మరియా పాత్రధారిణి కరోల్ లొంబార్డ్ విమాన ప్రమాదంలో చనిపోయింది. ఆ రోజుల్లో జనానికి నవ్వు రాకపోవడంలో తప్పేమీ లేదు.

గ్రీన్‌బర్గ్‌ని జాగ్రత్తగా గమనించండి. ఎప్పుడూ ఈటె పట్టుకుని నిలబడే చిన్న వేషగాడు, షైలాక్ (షేక్‌స్పియర్ ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’లోని యూదు వడ్డీ వ్యాపారి) వేషం కోసం కలలు కంటుంటాడు. షైలాక్ మాటలు సినిమాలో మూడుసార్లు అతని నోట వస్తాయి: తెర వెనక ఆశగా, శిథిలాల మధ్య దిగులుగా, చివరికి నాజీ సైనికుల ఎదుట ప్రాణాలకు తెగించి. యూదుడు అన్న పదం ఒక్కసారీ పలకడు. ఫెలిక్స్ బ్రెసార్ట్ నటన చూశాక అది పలకాల్సిన అవసరం కూడా కనిపించదు.

లోపాలు లేకపోలేదు. లండన్ ఘట్టంలో నడక మందగిస్తుంది. రెండో వరస యువకుడు లెఫ్టినెంట్ సోబిన్‌స్కీగా రాబర్ట్ స్టాక్ చెక్కబొమ్మలా ఉన్నాడు. అంత చురుకైన లొంబార్డ్‌కి రెండో సగంలో చేతినిండా పని లేకపోవడం నిజంగా బాధ కలిగించింది.

డిస్క్ విషయానికొస్తే, 2కె రిస్టొరేషన్‌లో ఫిల్మ్ గ్రెయిన్‌ని (ఫిల్ముకి సహజమైన సన్నటి రేణువులను) చెరపలేదు, చీకటి సీన్లలో ఛాయాగ్రాహకుడు రూడాల్ఫ్ మాటే వెలుగునీడలు స్పష్టంగా కనిపిస్తాయి. కంప్రెస్ చేయని మోనో శబ్దం. మాటలు గబగబా దొర్లిపోతాయి కాబట్టి ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ ఆన్ చేసుకోండి, లేకపోతే సగం చమత్కారం జారిపోతుంది. డేవిడ్ కాలట్ కామెంటరీని మొదటిసారి పెట్టుకోవద్దు, మలుపులన్నీ ముందే తెలిసిపోతాయి. రెండోసారి చూసేటప్పుడు అది బంగారం. 1916లో లుబిచ్ నటించి తీసిన మూకీ ‘పింకస్ షూ ప్యాలెస్’ కూడా ఇందులో ఉంది, అతని హాస్యం ఎక్కడ మొదలైందో దాంట్లో దొరుకుతుంది. రెండు రేడియో నాటకాలు తీరిక ఉంటే వినొచ్చు. బుక్‌లెట్‌ని పక్కన పడేయకండి: విమర్శలకు జవాబుగా లుబిచ్ 1942లో న్యూయార్క్ టైమ్స్‌కి రాసిన వ్యాసం అందులోనే ఉంది. సినిమా అయిపోగానే చదవండి.