పాత మాస్సీ 1035కి క్యామ్ గ్రైండింగ్: ఏది చేయించాలి, ఏది వద్దు

పాత మాస్సీ ఫెర్గూసన్ 1035 ట్రాక్టర్ క్యామ్‌షాఫ్ట్ (ఇంజన్ వాల్వ్‌లను తెరిపించే ఇరుసు) పట్టుకెళితే గ్రైండింగ్ షాపులో రెండు రకాల పని చెబుతారు. ఒకటి, అరిగిన లోబ్‌లను (వాల్వ్‌లను ఎత్తే ఉబ్బులను) మళ్లీ అసలు ఆకారానికి తేవడం. రెండోది, లిఫ్ట్ (వాల్వ్ లేచే ఎత్తు), తెరిచి ఉండే సమయం పెంచి "పికప్" తెప్పించడం. మొదటిదానికి నేనిచ్చేది 5కి 4 మార్కులు. రెండోదానికి 1, అదీ గ్రైండింగ్ నునుపుగా ఉంటుంది కాబట్టి.

బండిలో ఉన్నది సింప్సన్ వారి పెర్కిన్స్ మూడు సిలిండర్ల డీజిల్. కంప్రెషన్ (సిలిండర్‌లో గాలిని ఎన్నో వంతుకు నొక్కుతుందో ఆ లెక్క) 18 దరిదాపుల్లో. పిస్టన్ పైకొచ్చాక హెడ్‌కు మిగిలే సందు మిల్లీమీటరుకు అటూ ఇటూ. సరిగ్గా అప్పుడే ఎగ్జాస్ట్ వాల్వ్ మూసుకుంటూ, ఇన్‌లెట్ తెరుచుకుంటూ ఉంటాయి. వాల్వ్ ఎక్కువసేపు తెరిచి ఉండేలా లోబ్ మారిస్తే పిస్టన్ తలకు తగిలి పుష్ రాడ్ (ట్యాపెట్ నుంచి రాకర్‌ను తోసే కడ్డీ) వంగుతుంది. ఇన్‌లెట్ ఆలస్యంగా మూసుకుంటే కంప్రెషన్ పడిపోయి, పొద్దున్నే స్టార్ట్ కాక తెల్లపొగ కక్కుతుంది. ఇంత చేసినా రెండు వేల చిల్లర ఆర్‌పీఎం దగ్గర గవర్నర్ (ఇంజన్ స్పీడుకు హద్దు పెట్టేది) పట్టేస్తుంది. గాలి ఎంత పెట్టినా పంపు ఇచ్చే డీజిల్ అంతే. దమ్ములో కావలసింది కింది స్పీడు లాగుడు, అదే ముందు పోతుంది. అమెరికాలో ఫార్మాల్ ఎమ్ ట్రాక్టర్‌కు క్యామ్ మార్చి లాగుడు పోటీలకు దించుతారు నిజమే, కానీ అది పెట్రోలు ఇంజన్, కంప్రెషన్ 6 దరిదాపుల్లో ఉంటుంది. ఆ లెక్క ఇక్కడ కుదరదు.

అసలు కొలతకు గ్రైండ్ చేయించడం మాత్రం డబ్బుకు తగిన పనే. అయితే విప్పకముందే అవసరమో కాదో చూసుకోవాలి. ట్యాపెట్ సందు (రాకర్‌కు, వాల్వ్‌కు మధ్య ఖాళీ) చల్లని ఇంజన్‌లో 0.30 మి.మీ. పెట్టి, రాకర్‌కు (వాల్వ్‌ను నొక్కే చేతికి) పుష్ రాడ్ వైపు డయల్ గేజ్ ఆనించి ఇంజన్‌ను చేత్తో తిప్పండి. మూడు ఇన్‌లెట్లను ఒకదానితో ఒకటి, మూడు ఎగ్జాస్ట్‌లను ఒకదానితో ఒకటి పోల్చాలి. తేడా పావు మిల్లీమీటరు దాటితే విప్పాల్సిందే. ఎగ్జాస్ట్ లోబ్ అరిగితే పొగ సరిగా బయటికి పోక ఎయిర్ క్లీనర్‌లోంచి ఎదురు ఊదుతుంది. చాలామంది దాన్ని వాల్వ్ సీటు జబ్బనుకుని హెడ్ విప్పుతారు.

విప్పడం చిన్న పని కాదు. లోబ్‌ల మీద ఆనే ట్యాపెట్ల అడుగు పుట్టగొడుగులా వెడల్పు, పైనుంచి రావు. బ్లాకును తలకిందులు చేస్తేనే క్యామ్ వాటికి తగలకుండా వస్తుంది. సంప్ (ఇంజన్ అడుగున నూనె తొట్టి) కూడా బండి బరువు మోసే పోత ఇనుము కాబట్టి ఇది ఓవర్‌హాల్‌తో కలిపి చేయించుకునే పని.

షాపు పనిలో ఒక మార్కు కోసింది గట్టిదనం చూడనందుకు. లోబ్ పైపొర మాత్రమే గట్టిగా ఉంటుంది, లోతుగా అరగదీస్తే మెత్తటి ఇనుము బయటపడుతుంది. షాఫ్ట్ తీసుకునేటప్పుడే లోబ్ అంచు మీద ఆకురాయి పెట్టి చూడండి. జారిపోతే సరే, పట్టుకుంటే ఆ షాఫ్ట్ ఒక్క సీజన్ కూడా ఆగదు. ఆరు లోబ్‌ల లిఫ్ట్ కొలతలు కాగితం మీద అడగండి. అరగదీసిన మేర ట్యాపెట్ కిందికి దిగుతుంది కాబట్టి రాకర్ స్క్రూలో అంత మర మిగిలిందా అన్నదీ చూడాలి.

ఇక ట్యాపెట్లు. పాతవి కొత్త లోబ్ మీద పెడితే గ్రైండింగ్ ఖర్చు బూడిదలో పోసినట్టే. ముఖం మీద స్కేలు అంచు ఆనించినప్పుడు మధ్యలో వెలుతురు కనిపిస్తే అది గుంట పడ్డట్టు, పారేయండి.

బిగించేటప్పుడు గేర్ల గుర్తులన్నీ ఒకేసారి కలపాలి. తర్వాత రెండు చుట్లు తిప్పితే ఐడ్లర్ (మధ్య గేరు) గుర్తు పక్కకు పోయి కనిపిస్తుంది. పళ్ల లెక్క వల్ల వచ్చే తేడా అది, మళ్లీ విప్పకండి. లోబ్‌లకు మాలిబ్డినం పేస్టు పూసి, స్టార్ట్ కాగానే 1500 ఆర్‌పీఎం దగ్గర 20 నిమిషాలు నడపండి. ఐడ్లింగ్‌లో వదిలితే లోబ్‌ల మీద నూనె చాలదు. ఆ తర్వాత పుష్ రాడ్లకు సుద్దగీత పెట్టి చూస్తే అవి మెల్లగా తిరుగుతూ ఉండాలి. తిరగని చోట లోబ్ అరగడం అప్పుడే మొదలైందని అర్థం.