వాడపల్లి వంతెన దాటితే చలాన్ ఆగుతదా? ఈ-చలాన్ సేవ మీద రివ్యూ

తెలంగాణ ఈ-చలాన్ సైటుకు ఐదులో మూడు మార్కులు. పైసలు కట్టించుకోవడంలో దాన్ని మించింది లేదు. ఎందుకు పడ్డదో చెప్పడంలో మాత్రం పిసినారి. వంతెన అవతల, అంటే పక్క రాష్ట్రంలో పడ్డ చలాన్ సంగతి అడిగితే నోరే విప్పదు. నల్లగొండ, పాలమూరు వైపు బైకోళ్లకు ఈ మూడోదే అసలు బాధ. వాడపల్లి దాటితే పొందుగల, కోదాడ దాటితే గరికపాడు, అలంపూర్ చౌరస్తా దాటితే కర్నూలు, మక్తల్ మీదుగా కృష్ణ దాటితే రాయచూరు. పొద్దున టిఫిన్ ఒక రాష్ట్రంలో, మధ్యాహ్నం భోజనం ఇంకో రాష్ట్రంలో చేసే జిల్లాలు ఇవి.

ముందు మంచి సంగతి. బండి నంబరు కొట్టి, క్యాప్చా నింపితే పెండింగ్ చలాన్లన్నీ ఒకే పట్టికలో వస్తాయి. చలాన్ నంబరు, తేదీ, టైము, స్థలం, ఏ పోలీస్ స్టేషన్ పరిధి, ఏ తప్పు, జరిమానా ఎంత, యూజర్ ఛార్జీ ఎంత, మొత్తం ఎంత, చివర్లో ఫొటో లింకు. అతివేగానికైతే 1000 జరిమానా, 35 యూజర్ ఛార్జీ, మొత్తం 1035. ఆ 35 ఒక్కో చలాన్‌కు విడిగా పడుతుంది. ఒకే ప్రయాణంలో మూడు చోట్ల పడితే ఛార్జీలకే 105 పోతాయి. ఫోన్లో కట్టరాకపోతే మీసేవకు పోయినా పని అయిపోతుంది. ఇంతవరకు వంక పెట్టడానికి లేదు.

వంక ఫొటో దగ్గర మొదలవుతుంది. చాలామంది 1035 చూడగానే కట్టేసి ఊరుకుంటారు, ఫొటో తెరిచి చూడరు. తెరవండి. మొదట నంబరు ప్లేటు చూడాలి. 8ని 3గా, బీని 8గా చదవడం మామూలే. తర్వాత బండి. మీది స్ప్లెండర్ అయి, ఫొటోలో పల్సర్ ఉంటే అక్కడితో కథ ముగిసినట్టే, ఫిర్యాదు పెట్టాలి. ఆ తర్వాత నమోదైన వేగం, పక్కన రాసిన పరిమితి, స్పీడ్ గన్ (పోలీసులు లేజర్‌తో వేగం కొలిచే పరికరం) నుంచి బండికి దూరం. ఈ దూరాన్ని ఎవరూ పట్టించుకోరు గానీ రెండు బండ్లు పక్కపక్కన పోతున్నప్పుడు అదే కీలకం. లేజర్ కిరణం దూరం పోయేకొద్దీ విప్పుకుంటుంది. 300 మీటర్ల దగ్గర దాని వెడల్పు సుమారు మీటరు ఉంటుంది. ఆ దూరంలో ఓవర్‌టేక్ చేస్తున్న బండి, చేయించుకుంటున్న బండి రెండూ ఫ్రేములో ఉంటే, గురి ఎవరి మీద ఉందో చూడాలి. 80 మీటర్ల దగ్గర కొట్టిన ఫొటోలో ఈ వాదనకు చోటు లేదు.

ఇంకో వాదన బాగా వినపడుతుంది: 'పక్కన నిలబడి వాలుగా కొట్టిండు, అందుకే స్పీడ్ ఎక్కువ చూపింది' అని. ఇది తలకిందుల లెక్క. వాలుగా కొడితే గన్ చూపే వేగం తగ్గుతుంది. పది డిగ్రీల కోణంలో 100 కాస్తా 98.5 అవుతుంది. కోణం రైడర్ పక్షమే.

మీటరు సంగతీ అంతే. కంపెనీలు స్పీడోమీటరును అసలు వేగం కన్నా కాస్త ఎక్కువే చూపేలా పెడతాయి. చలాన్‌లో 88 ఉంటే, ఆ సమయానికి మీ ముల్లు 90 దాటి ఉండాలి. 'నా మీటరులో 80 కూడా లేదు' అంటే రెండే కారణాలు. మీటరు చూడలేదు, లేదా టైరో స్ప్రాకెట్టో మార్చారు. మీటరు కేబుల్ ముందు చక్రం నుంచి వచ్చే బండ్లలో ముందు టైరు కంపెనీ సైజు కన్నా పెద్దది వేస్తే మీటరు తక్కువ చూపుతుంది. మీటరుకు లెక్క గేర్‌బాక్స్ వైపు నుంచి వచ్చే బండ్లలో చైన్ స్ప్రాకెట్ పళ్లు మార్చినా లెక్క తప్పుతుంది. ఖాళీ రోడ్డు మీద 60 దగ్గర నిలకడగా పోతూ, వెనక కూర్చున్నవాళ్లను ఫోన్ జీపీఎస్ చూడమంటే తేడా తేలిపోతుంది.

అసలు పరిమితి ఎంత అనేదే చాలామందికి తెలియదు. కారుకు 100 అని విని బైకుకూ అంతే అనుకుంటారు. 2018 ఏప్రిల్ కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం డివైడర్ ఉన్న నాలుగు లైన్ల రోడ్డు మీద టూవీలర్‌కు 80, మున్సిపల్ హద్దుల్లో 60, మిగతా రోడ్ల మీద 60. రాష్ట్రం ఇంకా తగ్గించొచ్చు, ఊరి దగ్గర బోర్డులో ఎంత ఉంటే అంతే. మనవాళ్లు ఎక్కువగా దొరికేది 65వ నంబరు హైవే మీద కాదు, జడ్చర్ల నుంచి కల్వకుర్తి, మల్లేపల్లి, హాలియా మీదుగా కోదాడ పోయే 167 లాంటి దాని మీద. హైవే అనే పేరు చూసి 80 అనుకుంటారు. డివైడర్ లేని చోట పరిమితి 60.

ఇక చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టంలో అతివేగానికి సెక్షన్ 183, ప్రమాదకరంగా నడిపితే 184. రెండూ ఒకటి కాదు. 2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం తేలికపాటి వాహనానికి 183 కింద 1000 నుంచి 2000. 184కు పోతే 1000 నుంచి 5000, జైలు కూడా ఉండొచ్చు. రెండోసారి అతివేగంలో దొరికితే లైసెన్స్ స్వాధీనం చేసుకునే వీలుంది. అందుకే చలాన్‌లో ఏ సెక్షన్ రాశారో చూడకుండా కట్టొద్దు. అదే 183లో రైడర్‌కు పనికొచ్చే మాట ఒకటుంది: ఒక్క సాక్షి 'బాగా స్పీడుగా పోయిండు' అన్నంత మాత్రాన శిక్ష వేయరాదు, ఆ మాట వెనక పరికరం కొలత ఉండాలి. 2021 ఆగస్టులో వచ్చిన కేంద్ర నిబంధనలు ఇంకో అడుగు ముందుకేశాయి. కెమెరా చలాన్‌లో ఫొటో, కొలత, తేదీ, సమయం, స్థలం ఉండాలి. నోటీసు 15 రోజుల్లో పంపాలి. పరికరం ఉన్న చోట కనపడేలా హెచ్చరిక బోర్డు పెట్టాలి. ఫిర్యాదు పెట్టేటప్పుడు 'అన్యాయం' అని రాస్తే లాభం లేదు. వీటిలో ఏది లేదో రాసి, ఆ చోటి ఫొటో జత చేస్తేనే చూసేవాళ్లకు పట్టు దొరుకుతుంది.

ఇక వంతెన అవతలి సంగతి. 'అటు పడ్డ చలాన్ ఇటు రాదులే' అనే ధీమా ఊరికే పుట్టలేదు. తెలంగాణ రవాణా శాఖ చాలాకాలం రాష్ట్రాల బండ్ల వివరాలుండే కేంద్రం వారి వాహన్ డేటాబేస్‌కు బయటే ఉండిపోయింది. అటు రాష్ట్రంలో నంబరు కొడితే మన బండి వివరాలు రాని రోజులు నిజంగానే ఉన్నాయి. ఆ రోజుల అలవాటును ఇప్పటికీ మోసుకు తిరిగేవాళ్లు తెలంగాణ సైటు తెరిచి, 'నో పెండింగ్' చూసి, హమ్మయ్య అనుకుంటారు. ఆ సైటు చూపేది తెలంగాణ పోలీసులు వేసినవే. అవతల తిరిగొచ్చాక కేంద్రం వారి పరివాహన్ ఈ-చలాన్ సైటులో కూడా చూడాలి. అక్కడ నంబరు ఒక్కటే సరిపోదు. ఛాసిస్ లేదా ఇంజిన్ నంబరు చివరి ఐదు అంకెలు అడుగుతుంది, ఓటీపీ పంపుతుంది. ఆర్సీ పక్కన పెట్టుకుని కూర్చోండి. సెకండ్ హ్యాండ్ బండి కొని ఫోన్ నంబరు మార్పించకపోతే ఓటీపీతో పాటు నోటీసు మెసేజీ కూడా పాత ఓనరుకే పోతుంది.

రెండు వైపులా ఒకటే మాట: 'మన నంబరు చూసే ఆపుతున్నరు'. మిర్యాలగూడలో పిడుగురాళ్ల గురించి అంటారు, పిడుగురాళ్లలో మిర్యాలగూడ గురించి అంటారు. చేయెత్తి ఆపే చోట ఏమో గానీ, గన్‌కు ముందు తెలిసేది వేగం, నంబరు తర్వాత సంగతి. 2014 జూన్‌కు ముందటి ఏపీ 24 (నల్లగొండ), ఏపీ 22 (పాలమూరు) బండ్లున్నవాళ్లదే వింత అదృష్టం, రెండు ఒడ్లలోనూ సొంతూరు బండిలాగే కనపడతాయి. దీనికి భిన్నంగా, 2024 మార్చిలో టీజీ వచ్చాక సరదాగా టీఎస్ చెరిపి టీజీ రాయించుకున్నవాళ్లున్నారు. పాత బండి టీఎస్‌గానే ఉండాలి. టీజీ అని రాస్తే అది లేని నంబరైనా అవుతుంది, ఇంకొకరి బండి నంబరైనా అవుతుంది. పట్టుబడితే అతివేగం కన్నా పెద్ద తలనొప్పి అదే.

హెల్మెట్ దగ్గర మాత్రం హద్దు నిజంగానే ఉంది. ఆంధ్రలో 2025 మార్చి 1 నుంచి హెల్మెట్ లేకుంటే 1000. ఇక్కడ వందల్లో పోయే అలవాటుతో వంతెన ఎక్కితే మొదటి చెకింగ్‌లోనే తేడా తెలుస్తుంది.

మూడు మార్కులే ఇవ్వడానికి ఇంకో కారణం, తగ్గింపుల అలవాటు. 2022 మార్చిలో టూవీలర్లకు 75 శాతం, 2023 డిసెంబరు చివర్లో 80 శాతం మాఫీ ఇచ్చారు. 1000 జరిమానా మొదటిసారి 250కి, రెండోసారి 200కు దిగింది. పడ్డ వారంలోనే బుద్ధిగా కట్టినవాడికి ఒరిగింది సున్నా. అప్పటి నుంచి 'ఆఫర్ వస్తది, ఆగుదాం' అనేది ఒక పద్ధతైపోయింది. ఈ పద్ధతిని సరిహద్దు అవతలికి తీసుకుపోతే మాత్రం దెబ్బతింటారు. బెంగళూరులో 2023 ఫిబ్రవరిలో ఇచ్చినా అది సగమే, అదీ కొన్ని రోజులే.

ఆగేవాళ్లనే వేటాడే మోసం ఒకటుంది. వాట్సాప్‌లో పోలీస్ లోగోతో చలాన్ వస్తుంది, కింద ఏపీకే ఫైలు (నొక్కితే ఫోన్లో యాప్ ఎక్కించేది) ఉంటుంది. చలాన్ కట్టడానికి ఏ ఏపీకే అక్కర్లేదు. సైటు పేరు చివర డాట్ గవ్ డాట్ ఇన్ ఉందో లేదో చూసి, అడ్రసు మీరే టైపు చేసి తెరవండి. కట్టాక రసీదు పీడీఎఫ్ దాచుకోండి. పట్టికలో నుంచి ఆ వరుస తొలగకముందే చెకింగ్‌లో ఆపితే చూపించడానికి అదొక్కటే ఉంటుంది.