బ్యాక్‌గ్రౌండ్ టాస్కులను ఏఐ చేత రాయించడం: నియమాల ఫైల్ మేలా, ముందే రాసిన టెస్టులు మేలా?

ఏఐ కోడింగ్ అసిస్టెంట్లు మామూలు కోడ్ బాగానే రాస్తున్నా బ్యాక్‌గ్రౌండ్ టాస్కుల (యూజర్‌ను ఆపకుండా వెనుక విడిగా నడిచే పనుల) దగ్గర తడబడుతున్నాయని, వాటిని దారిలో పెట్టడమెలాగని చాలామంది అడుగుతున్నారు. ప్రధానంగా రెండు పద్ధతులున్నాయి. ప్రాజెక్టులో ఏజెంట్స్.ఎండీ వంటి ఫైల్ పెట్టి నియమాలన్నీ అందులో రాసి ఉంచడం మొదటిది. టాస్కు మధ్యలో విఫలమైతే ఏం జరగాలో, ఏం జరగకూడదో తేల్చే టెస్టులను మనమే ముందుగా రాసి, అవి పాసయ్యేలా కోడ్ రాయమనడం రెండవది. ప్రతి ప్రాంప్టులోనూ జాగ్రత్తలన్నీ ఏకరువు పెట్టడం కూడా ఒక పద్ధతే కానీ, పదో టాస్కు నాటికి చెప్పేవారే మరిచిపోతారు.

నియమాల ఫైల్‌కు తనదైన చోటు ఉంది. పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్కు జాంగోలో డేటాబేస్ ట్రాన్సాక్షన్ ముగియకముందే, బ్యాక్‌గ్రౌండ్ టాస్కులు నడిపే సెలరీ (Celery) క్యూలో టాస్కును వేస్తే, ఇంకా కమిట్ కాని (డేటాబేస్‌లో ఖాయం కాని) రో కోసం వర్కర్, అంటే టాస్కును నడిపే ప్రాసెస్, వెతికి, దొరక్క విఫలమవుతుంది. సెలరీ 5.4 నుంచి దీనికి, కమిట్ అయ్యాకే టాస్కును క్యూలో వేసే 'డిలే ఆన్ కమిట్' అనే పద్ధతి ఉన్నా, పాత కోడ్ నిండా ఉత్త 'డిలే'యే కనిపిస్తుంది కాబట్టి, చెప్పకపోతే అసిస్టెంట్లు దానినే రాస్తాయి. ఈ తప్పును మామూలు టెస్టులు పట్టుకోలేవు. టాస్కును అక్కడికక్కడే నడిపే ఈగర్ మోడ్‌లో అదే డేటాబేస్ కనెక్షన్ వాడతారు కాబట్టి కమిట్ కాని రో కూడా కనిపిస్తుంది. అలాగే రెడిస్ అనే డేటా స్టోర్‌ను బ్రోకర్‌గా (టాస్కులను వర్కర్లకు అందించే మధ్యవర్తిగా) వాడేటప్పుడు విజిబిలిటీ టైమౌట్, అంటే వర్కర్ నుంచి ధ్రువీకరణ రాకపోతే టాస్కును మళ్లీ అందించే ముందు ఆగే సమయం, డిఫాల్టుగా ఒక గంట. అంతకు మించిన ఆలస్యంతో టాస్కు వేస్తే అది మళ్లీ మళ్లీ నడవవచ్చు. ఇటువంటివి ఒక్కో వాక్యంలో రాసి పెట్టుకోవడమే తేలిక.

అయితే నా దృష్టిలో అసలు ప్రశ్న ఒక్కటే: తన కోడ్ తప్పని అసిస్టెంటుకు తెలిసే మార్గం ఉందా? నియమం చదివి, పాటించానని అది చెప్పగలదు; నిజంగా పాటించిందో లేదో నియమం చెప్పలేదు. ఇన్వాయిస్ మెయిల్ పంపే టాస్కు ఒకటి నేను రాయించినప్పుడు, ఎన్నిసార్లు నడిచినా ఫలితం ఒక్కటే కావాలన్న నియమం ఫైల్‌లో ఉంది. అసిస్టెంటు ఆ మాటను కోడ్ కామెంటులో ఎక్కించి, 'ఇప్పటికే పంపామా' అని చూసి, మెయిల్ పంపి, ఆ తరువాత 'పంపాము' అని సేవ్ చేసే కోడ్ రాసింది. చదవడానికి ఏ లోపమూ కనిపించదు. మెయిల్ వెళ్లాక సేవ్ దగ్గర డేటాబేస్ కనెక్షన్ తెగితే మాత్రం, రీట్రైలో (టాస్కును మళ్లీ నడిపినప్పుడు) అదే మెయిల్ రెండోసారి వెళ్తుంది. సెలరీ డిఫాల్టుల ప్రకారం 180 సెకన్ల విరామంతో మూడు రీట్రైల దాకా.

టాస్కును వరుసగా రెండుసార్లు పిలిచే టెస్టు రాస్తే ఈ కోడ్ హాయిగా పాసవుతుంది, అందుకే అటువంటి టెస్టు ఉన్నా లేనట్టే. సేవ్ దగ్గర కావాలని ఎర్రర్ లేపి, మళ్లీ నడిపి, కస్టమర్‌కు ఒకే మెయిల్ అందిందా అని చూడాలి. ఆ టెస్టు ఇచ్చాక అసిస్టెంటు క్రమం తిప్పి, ముందు సేవ్ చేసి తరువాత పంపింది. మెయిల్ సేవే విఫలమైతే రీట్రైలో తప్పక పంపాలన్న రెండో టెస్టు ఆ అడ్డదారినీ మూసివేసింది. అప్పుడు గాని, ఇన్వాయిస్ నంబరు నుంచి ఒక ఐడెంపొటెన్సీ కీ (అదే అభ్యర్థన మళ్లీ వచ్చినా ఒక్కసారే అమలు చేయడానికి వీలిచ్చే గుర్తు) తయారు చేసి, దానిని మెయిల్ సేవకు పంపే కోడ్ రాలేదు. ఆ కీని గౌరవించే సేవను వాడితేనే ఇది కుదురుతుందనుకోండి, కానీ ఆ సంగతి ఆలోచించవలసి వచ్చింది కూడా ఆ రెండు టెస్టుల వల్లనే.

టెస్టులతో ఒక చిక్కు ఉంది: కోడ్‌తో పాస్ చేయించలేనప్పుడు అసిస్టెంటు ఒక్కోసారి టెస్టునే సడలిస్తుంది. కాబట్టి మార్పులు చూసేటప్పుడు నేను మొదట టెస్టుల ఫోల్డర్‌నే తెరుస్తాను. నా నియమాల ఫైల్‌లో ఇప్పుడు మిగిలినవి మూడే వాక్యాలు. కమిట్ అయ్యాకే టాస్కు వేయాలనేది ఒకటి, టాస్కుకు డేటాబేస్ ఆబ్జెక్టుకు బదులు దాని ఐడీ పంపాలనేది ఇంకొకటి, వైఫల్యాల టెస్టులను ముట్టుకోకూడదనేది మూడవది.