నిలువు బావా, అడ్డం బావా: చమురుకు ఏది మేలు?

చమురున్న పొర ఎంత మందమో తెలియకుండా ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేం. నార్వే తీరానికి ఆవల ఉన్న ట్రోల్ క్షేత్రాన్నే తీసుకోండి. సముద్రమే 300 మీటర్ల పైచిలుకు లోతు. అడుగున రాతిలో పైన గ్యాసు, కింద నీళ్లు, మధ్యలో చమురు. పడమటి భాగంలో ఆ చమురు పొర బాగున్న చోట 22–26 మీటర్లు, పల్చటి చోట 12–14 మీటర్లే.

ఇక్కడ నిలువు బావి దింపితే చమురు తగిలేది ఆ కాస్త మేరే. ఉన్నదంతా అంత చిన్న జాగాలోంచే లాగాలి కాబట్టి బావి చుట్టూ పీడనం ఒక్కసారిగా పడిపోతుంది. పైనున్న గ్యాసు కిందికి దిగుతుంది, కిందనున్న నీళ్లు పైకి ఎగదన్నుతాయి. ఇక చమురు తక్కువ, మిగతావి ఎక్కువ. అదే బావిని వంచి పొర వెంబడే కిలోమీటర్ల కొద్దీ నడిపిస్తే, ఆ లాగుడంతా పొడవునా సర్దుకుంటుంది. నీళ్లు, గ్యాసు చాలా ఆలస్యంగా వస్తాయి. గ్యాసు కోసమే పేరుపడ్డ ట్రోల్‌లో 1995 నుంచి చమురు కూడా తీయగలుగుతున్నారంటే అడ్డం బావుల చలవే.

అలాగని అన్నిచోట్లా అడ్డం బావి వేయడం డబ్బు దండగ. ఒకదాని కింద ఒకటిగా నాలుగైదు ఇసుకరాతి పొరలుంటే ఒక్క నిలువు బావి అన్నింటినీ తాకుతుంది, ఖర్చూ తక్కువ. కొత్త చోట మొదటి బావి కూడా మామూలుగా నిలువుదే. అమెరికాలో బక్కెన్ లాంటి, చమురును సులువుగా కదలనివ్వని బిగుతు రాళ్ల కథ వేరు. సుమారు 3 కిలోమీటర్లు దిగి, మరో 3 కిలోమీటర్లు అడ్డంగా వెళ్లి, రాయిని పగలగొడితే గానీ చమురు రాదు. వచ్చినా మొదటి ఏడాదిలోనే సగానికి పైగా తగ్గిపోతుంది, ఈ సంగతి లెక్కలు వేసుకునేటప్పుడు చాలామంది మరిచిపోతారు.

అడ్డం బావే అనుకున్నాక, మలుపు దేనితో తిప్పాలి? పాత పద్ధతి మడ్ మోటారు, అంటే పైపుల్లోంచి ఒత్తిడితో పంపే బురద లాంటి ద్రవం (మడ్)తో నడుస్తూ, కొసనున్న తొలిచే మొన (బిట్)ను తిప్పే మోటారు. దాని ఒంట్లో ఒకటి రెండు డిగ్రీల వంపు ఉంటుంది. దిశ మార్చాలంటే పైపుల వరుసను తిప్పడం ఆపేసి, మడ్ ఒత్తిడితో బిట్‌ను మాత్రమే తిప్పుతూ ముందుకు జారుస్తారు. దీన్నే స్లైడింగ్ అంటారు. పైపులు కదలవు కాబట్టి రాతిపొడి అడుగున పేరుకుంటుంది, రాపిడి పెరుగుతుంది, పొడవు పెరిగేకొద్దీ బిట్ మీద బరువే పడదు. రంధ్రం కూడా వంకరటింకరగా వస్తుంది. 1990ల్లో వాడుకలోకి వచ్చిన రోటరీ స్టీరబుల్ పరికరాలతో ఈ తంటా లేదు. పైపులు తిరుగుతూనే ఉంటాయి. బిట్ వెనకున్న ప్యాడ్లు గోడను నెట్టి దారి మళ్లిస్తాయి. రంధ్రం నున్నగా వస్తుంది, పొడి పైకి కొట్టుకొస్తుంది. కాకపోతే అద్దె చాలా ఎక్కువ, లోపల ఇరుక్కుపోతే దాని ఖరీదు మీ నెత్తినే.

నన్నడిగితే, నేల మీద, రిగ్ (బావి తవ్వే యంత్రాంగం) అద్దె తక్కువగా ఉండి, అడ్డం భాగం మరీ పొడవు కాకపోతే మడ్ మోటారే చాలు. లోతు సముద్రంలో రిగ్‌కు రోజుకు లక్షల డాలర్లు పోస్తూ స్లైడింగ్‌లో గంటలు పోగొట్టుకోవడం మాత్రం పొదుపు కాదు, అక్కడ రోటరీ స్టీరబులే చవక.