50 కిలోలా, 51 కిలోలా: నిఖత్ జరీన్‌కు ఏది మేలు?

పారిస్ ఒలింపిక్స్ అయిపోయిన దగ్గర్నుంచీ ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. ఇప్పుడు ఆడపిల్లల్ని బాక్సింగ్‌కు పంపే తల్లిదండ్రులూ అదే అడుగుతున్నారు: "ఒక బరువు కేటగిరీ కిందికి దించితే మా పాపకు పతకం తేలికవుతుంది కదా అన్నా?"

50 కిలోల పక్షాన గట్టి సాక్ష్యమే ఉంది. 2022 మేలో ఇస్తాంబుల్‌లో 52 కిలోల్లో ప్రపంచ చాంపియన్ అయిన నిఖత్, మూడు నెలలు తిరక్కముందే 50కి దిగి బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచింది. 2023లో ఢిల్లీలో అదే బరువులో మళ్లీ ప్రపంచ టైటిల్. ఫైనల్లో వియత్నాం అమ్మాయి మీద 5-0, అంటే అయిదుగురు జడ్జీల తీర్పూ ఆమెకే. పైగా పారిస్‌లో 52 అనేదే లేదు. 50 దాటితే 54. అంటే ఆమె ముందున్న దారులు రెండే.

నా దృష్టిలో అసలు విషయం తూకం ఎప్పుడు, ఎన్నిసార్లు అన్నది. ప్రొఫెషనల్ బాక్సర్లను పోటీకి ముందురోజు తూస్తారు. రాత్రంతా తిని, తాగి కోలుకోవచ్చు. ఒలింపిక్ తరహా టోర్నీల్లో అలా కుదరదు. బౌట్ (పోటీ) ఉన్న ప్రతి రోజూ పొద్దున్నే త్రాసు ఎక్కాలి, కొన్ని గంటలకే రింగ్ ఎక్కాలి. అయిదు బౌట్లుంటే అయిదు తూకాలు. ఒక్కసారి కడుపు మాడ్చుకోవడం వేరు, గెలిచిన ప్రతిసారీ మళ్లీ మాడ్చుకోవడం వేరు. మొదటి రౌండ్‌లో తేడా తెలియదు. మూడో రౌండ్ వచ్చేసరికి కాళ్లలో పస ఉండదు. నిఖత్ ఆటంతా కాళ్ల మీదే: దూరం నిలుపుకొని, వెనక్కి జరిగి, ఎదురు కొట్టడం. పారిస్ ప్రిక్వార్టర్స్‌లో చైనా బాక్సర్ వూ యు చేతిలో 0-5తో ఓడిన తర్వాత, బరువు కోసం తిండీ నీళ్లూ మానుకున్నానని ఆమే చెప్పింది. ఆ మాట విన్న రోజు నాకు అన్నం సయించలేదు.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. వూ యు కూడా 2023లో 52 కిలోల ప్రపంచ చాంపియనే. ఆమె కూడా 50కి దిగి, చివరికి స్వర్ణమే గెలిచింది. కాబట్టి 50 అందరికీ చెడ్డదని అనలేను. ఒక ఒంటికి పడింది ఇంకో ఒంటికి పడదు.

బరువు పెంచుకోవడంలో జపాన్ బాక్సర్ నవోయా ఇనోయె సంగతి నాకు బాగా నచ్చుతుంది. 2014లో 48.97 కిలోల ప్రపంచ టైటిల్ గెలిచి, మధ్యలో ఒక బరువు కేటగిరీ వదిలేసి, అదే ఏడాది డిసెంబరులో 52.16 కిలోల టైటిల్‌ను రెండో రౌండ్‌లోనే నాకౌట్‌తో లాక్కున్నాడు. మేరీ కోమ్‌ది తిరగేసిన కథ. ఒంటి తీరుకు ఆమె చిన్న మనిషి. ఒలింపిక్స్ కోసం 51కి ఎక్కి 2012లో కాంస్యం తెచ్చింది. 48కి తిరిగొచ్చాక 2018లో 35 ఏళ్ల వయసులో ఆరో ప్రపంచ స్వర్ణం గెలిచింది.

ఇక 54 సంగతి. నిఖత్‌కు అక్కడ ఎదురయ్యేవాళ్లంతా పొడగరులు. ఆ ఆలోచన వద్దు.

నా ఓటు 51కే. లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో మహిళల అతి తక్కువ బరువు కూడా అదే. 2025లో లివర్‌పూల్ ప్రపంచ పోటీల్లో ఈ బరువులో క్వార్టర్స్‌లో టర్కీ బాక్సర్ చకీరోగ్లు చేతిలో ఓడింది, నిజమే. ఆ చకీరోగ్లు పారిస్‌లో 50 కిలోల రజత విజేత. కానీ అదే ఏడాది నవంబరులో గ్రేటర్ నోయిడాలో వరల్డ్ కప్ ఫైనల్స్ స్వర్ణం నిఖత్‌దే, 5-0తో.

పోయిన వారం నన్ను అడిగిన తండ్రికీ ఇదే లెక్క చెప్పాను: ఒంటికి పడే బరువులోనే ఆడించాలి. పాప మామూలుగా తిని 53 ఉంటోంది, ఎదిగే వయసు. 54లోనే ఆడించండి, రాత్రి అన్నం మాత్రం మాన్పించకండి అన్నాను.